అమ్మవారి చీర నేసిన మా పెద్దమ్మ

కోడుమూరులో పెద్దమ్మ పోయిందని డోన్‌లో మా ఇంటికి కబురొచ్చింది. మా అమ్మకు అక్క ఆమె. పెండ్లికి ముందు నేను ఆమె ఇంట్లోనే ఉంటిని. మీకు ఆమె సంగతి ఒకటి చెప్పాల.

పెదనాయన పోయినాక మగ్గం గుంటలోకి తనే దిగింది పెద్దమ్మ. ఆడది నేస్తాదా అని నవ్విన వీధే, తర్వాత చౌడమ్మ తల్లికి ఏటేటా కట్టే ఎర్రచీర ఆమె చేత నేయించింది. రాక్షసులను చంపి మా నేతవాళ్ల మూలపురుషుణ్ణి కాపాడిన తల్లి కదా, ఆ చీర నేయడం మాకు శానా గౌరవం. నేసినన్నాళ్లూ పెద్దమ్మ ఒంటిపూటే తినేది. పోగు తెగితే, "ఏమే, అమ్మ ఎదురు చూస్తాంది" అని పోగునే మందలించేది.

యుద్ధం వల్ల నూలు దొరకని రోజులవి. ఎట్లో సంపాదించి ఆ యేటి చీర మగ్గమెక్కించింది. చీర ముగింపుకొచ్చేసరికి ఊళ్లో కలరా పడింది. వీధంతా తలుపులు వేసుకుంది. చర్చి పక్క గుడిసెల్లో ఉండే కూలామె ఒకతి పని నుంచి వస్తా మా గడప ముందర కూలబడింది. ఎవరూ దగ్గరికి రాలేదు. పెద్దమ్మా నేనూ ఆమెను లోపలికి మోసుకొచ్చినాం. వాంతులకు, భేదులకు ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ పాడైపోయినాయి. ఒళ్లు చల్లబడి వణుకుతాంది. పెద్దమ్మ కత్తెర తీసుకొని మగ్గం మీది చీర కోసింది.

"పెద్దమ్మా, అది అమ్మవారిది" అంటిని.

"ఆయమ్మ కత్తి పట్టింది మనుషుల్ని కాపాడేకే. ఆ కొస పట్టుకో" అనింది.

చీర కప్పి, ఉప్పేసిన గంజి చుక్క చుక్కగా తాపింది. కూలామె బతికింది.

పండగకు అమ్మవారు పాతచీరతో ఊరేగింది. కులపెద్దలు ఇంటికొచ్చినారు. "అమ్మవారి చీర మైలపరిస్తివి. ఇంక నీకు ఆ చీర నేసే హక్కు లేదు" అన్నారు.

"సరేలేప్పా, నేయను. అయితే ఆ కూలిబిడ్డ బతకడం తప్పని అమ్మ ముందర నిలబడి చెప్పండి" అనింది పెద్దమ్మ. పెద్దలు కండువాలు దులుపుకొని లేచిపోయినారు.

మరుసటేడు ఆ చీర నేసేవాళ్ల కోసం పెద్దలు ఇల్లిల్లూ తిరిగినారు. ఆడవాళ్లెవరూ ఆ చీరకు నూలు కండె చుట్టేకి కూడా ఒప్పుకోలేదు. "ఆయమ్మే నేయాల" అన్నారు. చివరికి కులపెద్దే మా గడప దగ్గరికొచ్చి, "నువ్వే నెయ్యి తల్లీ" అన్నాడు.

పెద్దమ్మ గెలిచినట్టు ముఖం పెట్టలేదు. "నూలు తెప్పించు" అనింది, అంతే.

కబురందుకొని నేను కోడుమూరు పోయేసరికి పెద్దమ్మ పాడె లేస్తాంది. బావులు అడుగంటిన ఎండాకాలం. అయినా ప్రతి గడపలో ఆడవాళ్లు వేపరెమ్మలేసిన పసుపు నీళ్ల బిందెలతో నిలబడి ఉన్నారు. అమ్మవారు ఊరేగేటప్పుడు తప్ప ఆ వీధిలో అట్లా ఎవరికీ నీళ్లు పోయరు. ఆ పొద్దు పాడె ముందర పోసినారు. దుమ్మణిగిన ఆ తడిదోవలో, నీళ్లతో కొట్టుకొచ్చిన వేపరెమ్మల మీదుగా, మోసేవాళ్ల పాదాలు మెల్లగా పోయినాయి.