కన్ను దాటిన డ్రోన్

మా కోడలు కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. అన్నం తింటూ లేస్తుంది, లేచి ఏదో తీస్తుంది, ఎందుకు తీసిందో మరిచిపోతుంది. కాలు కాలిన పిల్లి అని నేనే పేరు పెట్టాను. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి, సర్వే డ్రోన్ ఎగరేసి తెర ముందు కదలకుండా కూర్చోవడం!

కంటికి కనిపించేంత దూరం ఎగరేయడానికి ఆ పిల్లకి ఎప్పుడో అనుమతి ఉంది. కొత్త రోడ్డు కొలతలకి మాత్రం డ్రోన్ కొండ దాటాలి. కన్ను దాటించాలంటే వేరే పరీక్ష. అది నెగ్గితేనే ఈ పని తనది, లేకపోతే ఇంకొకరు తన్నుకుపోతారు. కొండ అవతల పొలాల మీద మందు చల్లే చిన్న విమానం తిరుగుతుంటుంది. అందులో మనిషి ఉంటాడు. అందుకని కొండ కొసన ఒకరు నిలబడి, ఆకాశం చూస్తూ వాకీటాకీలో చెబుతుండాలి. ఆ కాపలాకి మా అబ్బాయిని పెట్టింది. కట్టుకున్నవాణ్ని నమ్మక ఎవర్ని నమ్ముతుంది?

పరీక్ష రోజు పాలు తాగే మనవరాలిని ఒళ్లో వేసుకుని నేనూ వ్యానులో ఉన్నాను. పరీక్ష పెట్టే అధికారి పక్కనే మడత కుర్చీలో కూర్చున్నాడు. డ్రోన్ గుయ్యిమని లేచి కొండ దాటింది. కాసేపటికి చప్పుడూ పోయింది. ఇక తెర మీద చుక్కే. కోడలి మోకాలు ఊగుతూనే ఉంది.

"ఆకాశం?"

"క్లియర్," అన్నాడు మావాడు.

కాసేపాగి మళ్లీ అడిగింది. ఈసారి ప్రశ్న పూర్తికాకముందే "క్లియర్" వచ్చేసింది. మోకాలు ఆగిపోయింది.

"ఏమండీ, చూసి చెప్పారా, అలవాటుకొద్దీ చెప్పారా?"

వాకీటాకీ గరగరలాడింది. "ఇందాక చూశాగా. ఇప్పుడు కాస్త మబ్బు దిగింది. విమానం చప్పుడేం లేదులే. సగం అయిపోయింది, కానిచ్చెయ్."

"కానిచ్చెయ్యడానికి ఇది స్నానమా?"

అధికారి తలెత్తాడు. "మేడం, మధ్యలో దింపేస్తే పరీక్ష పూర్తికాలేదనే రాయాలి."

"రాసుకోండి సార్. పైన ఏముందో తెలీకుండా నేను దాన్ని గాల్లో ఉంచను."

అవసరం వస్తే దింపడానికి కొండ అవతల ఒక బీడు ముందే నడిచి చూసి పెట్టుకుంది. డ్రోన్‌ని అక్కడ దింపేసింది. నేలకి దిగేదాకా తెర మీంచి చూపు తిప్పలేదు.

విమానం రాలేదు. ఆ పూటంతా రాలేదు. డ్రోన్‌ని తెచ్చుకుని ఇంటికి వస్తుంటే మావాడికి నోరు లేచింది.

"చూశావా, ఏం రాలేదు. చేతికందింది నేలపాలు చేశావు."

నాకు ఒళ్లు మండింది. "రాకపోవడం నీ గొప్పేంట్రా? కళ్లు మూసుకుని రోడ్డు దాటి, బతికాను కాబట్టి చూసే దాటాను అంటావా?"

"అమ్మా, నువ్వు ఎవరి వైపు?"

"విమానంలో వాణ్ని కన్న తల్లి వైపు."

వాడు కిటికీ వైపు తిరిగాడు. అప్పుడు కోడలు మెల్లగా అంది: "ఇకమీదట క్లియర్ అనే మాటే వద్దండీ. ఏం కనిపిస్తే అది చెప్పండి. కనిపించకపోతే కనిపించట్లేదనండి. నేను పాసవ్వాలని మీకుంది, నాకు తెలుసు. కొండెక్కేటప్పుడు ఆ కోరిక ఇంట్లో పెట్టి రండి."

రెండోసారి పరీక్షకి అధికారి ఒప్పుకునేదాకా ఆ పిల్ల ఇల్లంతా పచార్లే. ఆ రోజు మావాడు కొండ మీంచి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు: "రెండు గద్దలు, కిందుగా. పొలాల చివరి దాకా కనిపిస్తోంది. ఎడమ పక్క మబ్బు అంచు, కదలట్లేదు." వినీ వినీ అధికారికి ఆవలింత వచ్చింది. డ్రోన్ వెళ్లి, పని ముగించుకుని, కొండ మీదుగా తిరిగొచ్చింది. అనుమతి ఇచ్చారు.

ఇక కూర్చుంటుందనుకున్నాను. ఎక్కడ! సాయంత్రం గుమ్మానికీ గేటుకీ మధ్య తిరుగుతూనే ఉంది.

"ఏమండీ, ఆ మబ్బు అంచు ఎంత దూరంలో ఉంది?"

మావాడు తల గోక్కున్నాడు. "సరిగ్గా తెలీదే."

"అదీ, అలా చెప్పండి," అని మళ్లీ గేటు వైపు నడిచింది.