కళ్ళద్దాలు నాకు, కేబుల్ అన్నకు

ఎనిమిదేళ్ళు నేను స్కూటీ ముట్టుకోలేదు. నా కళ్ళకు దూరం తెలియదని మా ఇంటిల్లిపాదీ నమ్మారు. అందరికంటే గట్టిగా నేనే నమ్మాను. ఇంతకీ ఆ మాట చెప్పింది ఏ కంటి డాక్టరో అనుకునేరు. మా పెద్దనాన్న కొడుకు. మన్సూరాబాద్‌లో మా ఇంట్లోనే, ఆటలాడుకునే కంప్యూటరు ముందు నిలబడి చెప్పాడు.

నల్గొండ వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టుకున్న ఇల్లు మాది. కింద మేము, పైన పెద్దనాన్న వాళ్ళు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. రాఖీ పున్నమి వస్తే పళ్ళెం పట్టుకుని మెట్లెక్కి ఆ అన్నకే కట్టేదాన్ని. నాకంటే రెండేళ్ళు పెద్ద. దిల్‌సుఖ్‌నగర్ గేమింగ్ సెంటర్లలో ఆడపిల్లలు కనబడని రోజుల్లో, అక్కడ నేర్చుకున్న ఆటలన్నీ ఇంటికొచ్చి నాకు నేర్పేవాడు. పైన అతని కంప్యూటరు, కింద నాది, మధ్యలో మెట్ల పక్కనుంచి లాగిన ఒక వైరు. తుపాకుల ఆటలో ఒకరినొకరు వెతుక్కుని కాల్చుకునేవాళ్ళం. పదిసార్లు ఆడితే నాలుగైదు సార్లు నేనే గెలిచేదాన్ని. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సెంటరు మూతపడుతూ సామానంతా అమ్మేసింది. అన్న రెండు మానిటర్లు ఆటోలో వేసుకొచ్చాడు. ఒకటి తనకు, ఒకటి నాకు రాఖీ కానుక.

"మామూలు మానిటర్ సెకనుకు అరవై సార్ల బొమ్మ మారుస్తది చెల్లె. ఇది నూట ఇరవై. మనిషి ఉరికితే ఎక్కడ ఆగినట్టు అనిపియ్యది, సూడు," అన్నాడు.

వాటితో పాటు ఒక జత కళ్ళద్దాలు కూడా వచ్చాయి. ఫోనుకు పెట్టినట్టు వాటికీ ఛార్జింగ్ పెట్టాలి. పెట్టుకుని చూస్తే బొమ్మలు తెర దాటి మన ముందుకొస్తాయట. వాటినీ నాకే ఇచ్చాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాలేజీలో దొరికినవాళ్ళకల్లా మా అన్న గొప్పతనం చెప్పి విసిగించాను.

రెండు మానిటర్లకూ కలిపి లావు కేబుల్ ఒకటే వచ్చింది. చిటికెన వేలంత మందం ఉంది. దాన్ని తన మానిటర్‌కు పెట్టుకుని, నాదానికి టీవీకి పెట్టే సన్న కేబుల్ తగిలించాడు.

"నాకు గసొంటిది లేదా అన్నా?" అని అడిగాను.

"ఏదైతేంది? బొమ్మ వస్తుంది గద," అన్నాడు.

బొమ్మ వచ్చింది.

ఆ సాయంత్రమే మా గదిలో కళ్ళద్దాల సంబరం. అమ్మ, నాన్న, పెద్దమ్మ, పెద్దనాన్న అందరూ నా కుర్చీ వెనక నిలబడ్డారు. అన్న ఒక చేప ఈదే వీడియో పెట్టాడు. ముందు నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను. ఒక చేప మీద ఇంకో చేప అలుక్కుపోయినట్టు కనిపించింది. రెండు నిమిషాలకే తలనొప్పి మొదలైంది.

"రెండు రెండు కనబడుతున్నయ్ అన్నా," అన్నాను.

అతను తెర వంక చూశాడు, వెనక నిలబడ్డవాళ్ళ వంక చూశాడు. కళ్ళద్దాలు తీసుకుని తను పెట్టుకున్నాడు.

"అబ్బ! ముక్కు మీదికే వస్తుంది!" అంటూ చెయ్యి చాపి గాలిలో చేపను పట్టుకున్నాడు. పెద్దమ్మ పకపకా నవ్వింది. తనూ చూస్తానని చెయ్యి చాపితే, ఛార్జింగ్ అయిపోయిందని చెప్పి కళ్ళద్దాలు డబ్బాలో పెట్టేశాడు. తర్వాత నా తల నిమిరాడు.

"కొందరికి రెండు కండ్లు కలిసి పనిచెయ్యవు. దగ్గరేదో దూరమేదో తెల్వది. నీకు గదే ఉన్నట్టుంది చెల్లె," అన్నాడు. ఎంత జాలిగా అన్నాడని! ఆ జాలి చూసే నేను మారు మాట్లాడకుండా నమ్మాను.

ఆ రోజు నుంచి ఆటలోనూ నా పని అయిపోయింది. నేను మూల తిరిగేసరికే అన్న నన్ను కాల్చేసేవాడు. పదిసార్లు ఆడితే ఒక్కటి గెలవడం గగనమైంది. కళ్ళే సరిగా లేనిదాన్ని ఏం గెలుస్తానులే అని సర్దిచెప్పుకున్నాను. కొన్నాళ్ళకు ఆడటమే మానేశాను. మానిటర్ సజ్జ మీదికెక్కింది.

ఆ దసరాకు నాన్న నాకు స్కూటీ కొనిస్తానన్నాడు. అందరం కింద అన్నానికి కూర్చున్నప్పుడు ఆ మాట వచ్చింది. అమ్మ వెంటనే అడ్డు తగిలింది.

"దూరం తెల్వని పిల్ల ఎల్బీనగర్ చౌరస్తాల బండెట్ల నడుపుతది? మీకేమన్న సమజైతుందా?"

అన్న నా ఎదురుగానే కూర్చున్నాడు. ఒక్క మాట చాలు, నా స్కూటీ నాకు వచ్చేది. అతను కంచంలోకి చూస్తూ ఇంకొంచెం పప్పు వేయించుకున్నాడు.

కంటి డాక్టరుకు చూపిద్దామని నాన్న ఒకసారి అన్నాడు. దవాఖానలో చీటీ మీద రాస్తే నలుగురికీ తెలుస్తుందని, రేపు సంబంధాలు చూసేటప్పుడు తిప్పలని అమ్మ ఒప్పుకోలేదు. అలా గేములాడే కళ్ళద్దాలు చెప్పిందే మా ఇంట్లో ఆఖరి మాటైంది. పెద్దమ్మ నన్ను ముద్దుగా 'సగం కన్ను' అని పిలిచేది. నేనూ నవ్వేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ప్రశ్నపత్రాలు కంపోజ్ చేసే ఉద్యోగం దొరికింది. కాలేజీకీ ఉద్యోగానికీ కలిపి ఎనిమిదేళ్ళు షేర్ ఆటోలోనే పోయివచ్చాను. రోడ్డు దాటాలంటే పక్కన ఎవరో ఒక ఆడమనిషి నడుస్తుందా అని చూసి, ఆమె అడుగేస్తే నేనూ అడుగేసేదాన్ని.

ఈ ఏడాది ఆఫీసులో తెర చూసి చూసి కళ్ళలో మంట, తలనొప్పి మొదలయ్యాయి. తట్టుకోలేక, ఇంట్లో చెప్పకుండా చంపాపేట్‌లో ఒక కంటి ఆసుపత్రికి వెళ్ళాను. పరీక్షలు చేసే ఆమె కోస్తా వైపు మనిషి. కూర్చోగానే చెప్పాను, నా రెండు కళ్ళూ కలిసి పనిచెయ్యవని.

"ఎవరు చెప్పారండీ?"

"మా అన్న."

"ఆయన డాక్టరా?"

"కాదు. గేములాడుతడు."

ఆమె నవ్వలేదు. ఒక జత నల్ల కళ్ళద్దాలు నాకు పెట్టి, పెద్ద ఈగ బొమ్మ ఉన్న పుస్తకం ముందు తెరిచింది. "ఈ ఈగ రెక్క పట్టుకోండి చూద్దాం," అంది. వేళ్ళతో రెక్కను పట్టుకున్నాను. చేతికి ఏమీ తగల్లేదు. కాగితం ఇంకా చాలా కింద ఉంది. నా వేళ్ళు గాలిలో మూసుకుని ఉన్నాయి.

"చూశారా? లోతు మీకు చక్కగా తెలుస్తోందండీ. కళ్ళు పొడిబారాయి, అంతే. చుక్కల మందు రాస్తారు లెండి."

మళ్ళీ చూపించమన్నాను. మళ్ళీ పట్టుకున్నాను. మూడోసారి అడిగేసరికి ఆమె పుస్తకం నా చేతికే ఇచ్చేసి, మంచినీళ్ళు తెచ్చిపెట్టింది.

ఇంటికొచ్చి సజ్జ మీంచి మానిటర్, పాత కంప్యూటరు దించాను. సెట్టింగుల్లో చూస్తే అరవై అని ఉంది. మార్చుదామంటే జాబితాలో ఇంకో అంకె లేదు. నెట్‌లో వెతికితే పది నిమిషాల్లో తేలిపోయింది. ఆ కళ్ళద్దాలు ఒక కన్ను మూసి ఇంకో కన్ను తెరుస్తూ, ఎడమ కంటి బొమ్మ ఎడమకు, కుడి కంటి బొమ్మ కుడికి పంచుతాయి. నూట ఇరవై ఉంటేనే కంటికి అరవై చొప్పున వస్తాయి. ఆ పాత మానిటర్‌కు నూట ఇరవై రావాలంటే లావు కేబుల్ కావాలి. సన్న కేబుల్‌తో ఎవరు చూసినా రెండు చేపలే కనబడతాయి. అన్నకైనా అంతే. ఆటలో మూల తిరగ్గానే అతనికి నేను ముందే కనబడటం కూడా ఆ కేబుల్ పుణ్యమే.

అన్న ఊళ్ళో లేనప్పుడు పెద్దమ్మనడిగి, అతని పాత వైర్ల డబ్బాలోంచి ఆ కేబుల్ తెచ్చుకున్నాను. కళ్ళద్దాలకు మూడు గంటలు ఛార్జింగ్ పెడితే గానీ వాటి దీపం వెలగలేదు. అదే చేప వీడియో పెట్టాను. చేప తెర దాటి ఈదుకుంటూ నా మొహం దగ్గరికి వచ్చింది. నాకు సంతోషం రాలేదు. కడుపు మండిపోయింది. నాకు కళ్ళద్దాలిచ్చి, చూపు తన దగ్గర పెట్టుకున్నాడు. పైగా ఆ కానుకకు ఎనిమిదేళ్ళు రాఖీ కట్టించుకున్నాడు.

మరో తొమ్మిది రోజులకు రాఖీ పున్నమి వచ్చింది. పళ్ళెంలో కుంకుమ, రాఖీ, మిఠాయి పెట్టి, పక్కనే ఆ కళ్ళద్దాలు కూడా ఉంచి మెట్లెక్కాను. అమ్మా నాన్నా కూడా పైకి వచ్చారు. రాఖీ కట్టాను. మిఠాయి నోట్లో పెట్టాను. అన్న కవరు తీసి పళ్ళెంలో వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"గది వద్దు. ఇవి పెట్టుకొని చెప్పు. ఆ రోజు నీకేం కనబడ్డది?"

కళ్ళద్దాలు చూడగానే అతను మిఠాయి నమలడం ఆపేశాడు.

"పండుగ పూట ఏందే గిది?" అంది పెద్దమ్మ.

"చెప్పనీ పెద్దమ్మా. చేప వచ్చిందా అన్నా, రాలేదా?"

అన్న నోట్లో మిఠాయి మింగేశాడు. "రాలే. అందరు చూస్తున్నరు, ఇజ్జత్ పోతదని జోక్ చేసిన. నువ్వు గంత నమ్ముతవనుకోలె చెల్లె."

"నువ్వు చెప్పినవు గద, నమ్మిన. మరి నమ్మినంక ఎందుకు చెప్పలే? స్కూటీ మాట వచ్చిన్నాడు నా ముందట్నే కూసున్నవ్ గద?"

తల వంచుకున్నాడు. "చెప్తే కేబుల్ అడుగుతవని."

అంతే. ఇంకా ఏదో పెద్ద కారణం ఉంటుందని నేను తొమ్మిది రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఆటలో నా చేతిలో నాలుగైదు సార్లు ఓడిపోవడం అతనికి ఇష్టం లేదు. అంత చిన్న సంగతికి నా ఎనిమిదేళ్ళు పోయాయి.

నేను నాన్న వంక చూశాను. ఆయన గోడ వంక చూస్తున్నాడు. అమ్మ నా భుజం పట్టుకుంది.

"వొదిలెయ్ బిడ్డా. కండ్లు మంచిగున్నయ్ గద, గది చాలు. ఎట్లయితేంది, ఆ బండి లేకనే ఇన్నేండ్లు సల్లగున్నవ్."

అన్న మాటకంటే ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. అమ్మ అబద్ధమాడలేదు. కానీ ఆ అబద్ధం ఆమెకు బాగా పనికొచ్చింది. బిడ్డ బండెక్కకుండా, కళ్ళ ముందరే, ఆటోలో పోయి ఆటోలో వస్తుంటే ఆమె నిశ్చింతగా నిద్రపోయింది. అందుకే ఎవరూ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. పళ్ళెం అక్కడే వదిలేసి దిగివచ్చాను.

స్కూటీ నా జీతంతో నేనే కొన్నాను. నేర్పిస్తానని అన్న వస్తే వద్దన్నాను. హయత్‌నగర్ వైపు ఖాళీ స్థలంలో ఒక ఆడమనిషి నేర్పింది. రెండు నెలల్లో లైసెన్సు వచ్చింది. మొన్న మొదటిసారి ఒంటరిగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా వచ్చాను. అటు దాటాలి. కుడివైపు నుంచి బస్సు వస్తోంది. కళ్ళు బాగున్నాయని డాక్టరు రాసిచ్చిన కాగితం నా బ్యాగులోనే ఉంది. నా చేతులు మాత్రం బ్రేకు వదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. పక్కన ఆటో ఆయన తల బయటపెట్టి అరిచాడు.

"ఓ మేడం! బస్సు ఇంకా ఆడ్నే ఉన్నది, కనబడుతలేదా? పోండ్రి!"

కనబడుతోంది. ఎంత దూరంలో ఉందో కూడా తెలుస్తోంది. అయినా ఆ బస్సు నన్ను దాటి వెళ్ళిపోయేదాకా నేను కదల్లేదు.