మా వీధికి ఒకటే తీగ

ఈ హిందీ ఊళ్లో, దేవేంద్ర నగర్‌లో మా వీధికి ఇంటర్నెట్ ఇచ్చేవాడు ఒక్కడే. మా బావకి, అంటే అక్క భర్తకి, చిన్ననాటి దోస్తు. అది మాకు ధైర్యంగానే ఉండేది. నెట్ పోయిందని చెప్పడం ఆలస్యం, మనిషిని పంపేవాడు.

నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాను. మేం ఏ సైటు తెరిచినా దాని పేరు మొదట అతని మిషన్‌కి వెళ్లి, అక్కణ్ణుంచి దారి పట్టేది. అదంతా నత్తనడక. విసుగొచ్చి ఒక ఉదయం రౌటర్‌లో సెట్టింగ్ మార్చి వేరే దారి పెట్టుకున్నాను. మధ్యాహ్నానికి నెట్ మొత్తం ఆగిపోయింది. ఈసారి అతనే వచ్చాడు, నవ్వుతూ.

"దీదీ, సెట్టింగ్ మత్ ఛేడియే," అన్నాడు, సెట్టింగ్ జోలికి పోవద్దని. అందరి దారీ తన దగ్గర్నుంచే పోవాలట.

ఎందుకు పోవాలి, డబ్బు కడుతున్నది మేం కాదా అని గయ్యిమన్నాను. నాన్న అడ్డొచ్చారు. ఆయన రైల్వేలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. బండి ఏ లైన్లో పోవాలో లోపల కూర్చున్నవాడు చెప్పకూడదని ఆయన నమ్మకం.

"దారెటైతే నీకేటే? చేరాల్సిన చోటికి చేరితే చాల్దా?"

"మనం ఎక్కడికెళ్తున్నామో కూడా అతనికి కనబడుతుంది కదా నాన్నా."

"మా రైలు డబ్బాల మీద పేర్లు రాసి చార్టులే అంటించీవోళ్లు. ఎవులెక్కడ దిగుతారో అందరికీ కనబడీది. ఎవులికేటైంది?"

ఒళ్లు మండిపోతున్నా పాత సెట్టింగే పెట్టేశాను.

అప్పుడు అక్క మా ఇంట్లోనే ఉంది. బావ కొడుతుంటే భరించలేక వచ్చేసింది. వెనక్కి రమ్మని అతను ఫోన్ చేసినప్పుడల్లా "వస్తాలే" అంటూనే, విశాఖలో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం చూసుకుంటోంది. అక్కడే హాస్టల్లో గది కూడా ఇస్తామన్నారు. ఆ సంగతి నాకూ నాన్నకీ తప్ప ఎవరికీ తెలీదు.

రేపో మాపో ఆర్డరు వస్తుందనుకుంటుంటే ఆసుపత్రివాళ్లు ఫోన్ చేశారు. "మీ ఆయన మాట్లాడారమ్మా. కుటుంబ గొడవల్లో మేం తలదూర్చం," అని పెట్టేశారు. ఆ వెనకే బావ ఫోన్. అక్క స్పీకర్లో పెట్టింది.

"వారమంతా ఆ ఆసుపత్రి సైటు మీదే కూర్చున్నావంట? నాకు చెప్పుంటే నేనే తీసుకెళ్లీవోణ్ణి గదా."

అతని గొంతులో కోపం లేదు.

నాన్న మొహం పాలిపోయింది. "సైటు పేరొక్కటే గదే కనబడింది," అన్నారు.

"పేరు చాలు నాన్నా," అంది అక్క.

నెట్ ఇంకా ఆ దోస్తు దగ్గరే తీసుకుంటున్నాం. వీధిలో వేరే తీగ లేదు, నా ఉద్యోగం దాని మీదే నడవాలి. ఆ వారం గుమ్మంలో నిలబడి "దీదీ గయీ నహీ?" అని అడిగాడు, అక్క ఇంకా వెళ్లలేదా అని. పాపిష్టి మొహం, తలుపు వేసేశాను.

అక్క మాకెవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. కొన్నాళ్లకి ఏదో నంబరు నుంచి ఫోన్ చేసి, ఉద్యోగం దొరికింది, బాగానే ఉన్నానంది. ఎక్కడున్నదీ చెప్పబోయింది.

"ఊరి పేరు నాక్కూడా చెప్పకే తల్లీ," అని నాన్న ఫోన్ పెట్టేశారు.