పలకరాళ్లు మూసిన కిటికీ

మా ఆర్ట్స్ కాలేజీకీ, పక్కనున్న మిలిటరీ ట్రైనింగ్ స్కూలుకీ మధ్య నడుమెత్తు గోడే అడ్డం. చైనాతో యుద్ధమైన మరుసటి ఏడు ఆ స్కూలు వచ్చింది. మా కాలేజీ ఉన్న మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉంది. పొద్దున తొమ్మిదింటికి మాకు చరిత్ర క్లాసు, గోడ అవతల వాళ్లకు నిక్కర్లతో డ్రిల్లు. బి.ఏ.లో ఆడపిల్లలం ముగ్గురమే. కిటికీ పక్క బెంచీ మాది. వాళ్ల వంక చూసే తీరిక మాకెక్కడిది? నోట్సు రాసుకోవడానికే చెయ్యి చాలేది కాదు.

ఒక సోమవారం వెళ్లేసరికి ఆ కిటికీని మార్కాపురం గనుల పలకరాళ్లు పేర్చి, సున్నంతో మూసేశారు. ఆడపిల్లల చూపు డ్రిల్లు మీదికి పోతోందట. ప్రిన్సిపాలుగారి ఉత్తర్వు. మగపిల్లల వైపు రెండు కిటికీలూ బార్లా తెరిచే ఉన్నాయి. మా మూలకు చీకటి, బోర్డు మీద ఒక్క అక్షరం కనిపించదు. లెక్చరరుగారికి చెప్పుకుంటే, "కనపడకపోతే వినండమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఒక్క పరీక్ష తప్పినా ఇంటికి రావాలన్న షరతు మీదే నాయన నన్ను మేనత్త ఇంట్లో ఉంచి చదివిస్తున్నాడు.

మర్నాడు ఒక్కదాన్నే ట్రైనింగ్ స్కూలు గేటుకు పోయాను. అక్కడి పెద్ద ఆఫీసరు తెలుగాయనే. అంతా విని, "డ్రిల్లు సాయంత్రానికి మార్చుకోవడం మాకేం కష్టం కాదమ్మా. మీ కాలేజీవాళ్లు ఒక్క మాటైనా అడగలేదే" అన్నారు. ఆ మర్నాటి నుంచి పొద్దునపూట గ్రౌండు ఖాళీ. రాళ్లు మాత్రం తియ్యలేదు. పైగా కాలేజీ నుంచి నాయనకు కబురు వెళ్లింది.

గొర్రెలను చిన్నాయనకు అప్పజెప్పి నాయన పుల్లలచెరువు దిక్కు నుంచి వచ్చాడు. "మీ అమ్మాయి ఒంటరిగా మిలిటరీవాళ్ల దగ్గరికి పోయింది. మేం చదువు చెప్పలేం, తీసుకుపొండి" అన్నారు ప్రిన్సిపాలు. నాయన నేరుగా మా క్లాసులోకి నడిచి, నా బెంచీ మీద కూర్చున్నాడు. చాలాసేపు బోర్డు వైపు చూశాడు.

"నాకు చదువు రాదు సారూ. ఆడ రాసిండారో లేదో గూడా తెలుస్తా లేదు. మా గొర్రెల దొడ్డికి గూడా ఇంతకన్నా ఎలుగుంటాది. పిల్ల ఈడనే చదువుతాది. మీరు ఆ రాళ్లు తీపిచ్చండి" అన్నాడు, వెనకే వచ్చిన ప్రిన్సిపాలుతో.

నన్ను ఉండనిచ్చారు. రాళ్లనూ ఉండనిచ్చారు. మెడ సాచి సాచి, పక్కవాళ్ల నోట్సు అడుక్కుని డిగ్రీ అయిందనిపించాను.

కొన్నేళ్ల తర్వాత సర్టిఫికెట్టు కోసం వెళ్లాను. ట్రైనింగ్ స్కూలు ఎప్పుడో ఎత్తేశారు. గోడ అవతల కంపచెట్లు. మా గదిలో పలకరాళ్లు అట్లాగే ఉన్నాయి, వాటి కింద నలుగురు ఆడపిల్లలు మెడలు సాచి కూర్చున్నారు.

"బోర్డు కనపడుతుందా?" అని అడిగాను.

"లేదక్కా. అలవాటైపోయింది" అంది చివరి పిల్ల, నవ్వుతూ.

రాళ్లను మొదటిసారి చూసిన రోజు కూడా నాకంత కోపం రాలేదు.