మూడో ఫేడర్ మీద లస్మవ్వ గొంతు

సాల్మన్‌కు చెవులు సరిగా వినపడవు. ఈ సంగతి తనకూ తన భార్య శారమ్మకూ తప్ప ముంబై పక్కనున్న భివండీలో మూడో మనిషికి తెలియదని ఆయన నమ్మకం. మనుషులు ఏవేవో నమ్ముకుని బతుకుతారు. సాల్మన్ దీన్ని నమ్ముకున్నాడు.

చెవులు పుట్టుకతో పోయినవి కావు. ఇరవై ఎనిమిదేళ్ళు అక్కడి నాగావ్‌లో సాంచెలు నడిపాడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. ఒక్క షెడ్డులో ముప్పై రెండు సాంచెలు ఒక్కసారే ఆడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా లాభం ఉండదు. అందుకని అక్కడివాళ్ళు గొంతుతో మాట్లాడుకోరు. ఊరికే పెదాలు కదుపుతారు, ఎదుటివాడు చూసి తెలుసుకుంటాడు. దారం తెగిందనీ, చాయ్ వచ్చిందనీ, సేఠ్ వస్తున్నాడనీ అన్నీ పెదాల మీదనే. కొన్నిటికి చేతి సైగలు. అరచెయ్యి పైకెత్తి ఊపితే ఆపకు, నడవనీ అని. సాల్మన్ ఈ విద్యలో ఎంత ఆరితేరాడంటే, తన చెవులు ఏ ఏడు పోయాయో ఆయనకే తెలియలేదు. సాంచెల ముందు అందరూ చెవిటివాళ్ళే కదా, తెలియడానికి అవకాశం ఎక్కడిది?

సేఠ్ సాంచెలను పాత ఇనుముకు అమ్ముకున్నాక తెలిసింది. షెడ్డు బయట ప్రపంచమంతా గొణుగుతున్నట్టు వినిపించింది. శబ్దం వస్తుంది, మాట విడిపడదు. ఆడవాళ్ళు మెల్లగా మాట్లాడితే అదీ లేదు. సాల్మన్ సిగ్గుపడ్డాడు. యాభై నాలుగేళ్ళకే ‘ఏందీ, ఏందీ’ అని అడిగే ముసలివాడు కావడం ఆయనకు ఇష్టం లేదు. ఎవరేమన్నా ‘ఆ, సరే’ అనడం నేర్చుకున్నాడు. లోకంలో పదికి ఎనిమిది మాటలకు ఆ జవాబు సరిపోతుంది.

అలాంటి మనిషికి పని దొరికింది ఎక్కడయ్యా అంటే రేడియోలో.

కూలి జనం కోసం ఒక ట్రస్టు నడిపే చిన్న రేడియో అది. గోదాం పైన రెండు గదులు, గోడలకు పాత బొంతలు, మేడ మీద ఏరియల్. చుట్టూ నాలుగైదు కిలోమీటర్లు వినపడుతుంది. ట్రస్టు సెక్రటరీ జ్ఞానయ్య రిటైరైన పంతులు, సాల్మన్ వెళ్ళే చర్చికే వస్తాడు. వైర్ల పని తెలిసిన నమ్మకస్తుడని సాల్మన్‌ను తీసుకున్నాడు. చెవుల మాట ఆయన అడగలేదు, సాల్మన్ చెప్పలేదు. రేడియోకు వచ్చినవాణ్ణి నీకు చెవులున్నాయా అని ఎవరడుగుతారు?

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు తెలుగు కార్యక్రమం. పేరు ‘యాది పాట’. జనం ఫోను చేసి, పోయిన తమవాళ్ళ పేరు చెప్పి ఒక పాట అడుగుతారు. మాట్లాడేది లిడియా, సాల్మన్ చెల్లెలి బిడ్డ. మరాఠీ బడిలో చదివిన పిల్ల, తెలుగులో మరాఠీ కలిసిపోతుంది, అయినా నోరు మంచిది. మామతో మాట్లాడేటప్పుడు కుర్చీ పూర్తిగా ఇటు తిప్పి, ముఖంలో ముఖం పెట్టి, ఒక్కొక్క మాటా విడిగా పలుకుతుంది. రేడియోవాళ్ళకు అట్లా పలకడం నేర్పుతారు కాబోలని సాల్మన్ అనుకునేవాడు.

నాలుగు నెలల కింద ఆ గదిలోకి కొత్త మిక్సర్ వచ్చింది. అంతకు ముందు ఫోను వస్తే, అవతలివాళ్ళు చెప్పేది ముగిసేదాకా చెవి దగ్గర పట్టుకుని, ‘ఆ, సరే’ అని, తర్వాత ఫోనును లిడియా మైకు ముందు పెట్టేవాడు. కొత్తదానితో ఆ తిప్పలు పోయాయి. చాయ్ గ్లాసులు తెచ్చే పళ్ళెం ఎంత ఉంటుందో మిక్సర్ అంతే ఉంటుంది, కానీ దాని తెలివి అంతా ఇంతా కాదు. పైకీ కిందికీ జరిపే మీటలు నాలుగు, వాటిని ఫేడర్లంటారు. మొదటి రెండూ మైకులకు, మూడోది ఫోనుకు, నాలుగోది కంప్యూటర్ పాటలకు. మైకు తెరవగానే గదిలోని స్పీకర్ తనంతట తానే నోరు మూసుకుంటుంది, కీచుమని కూత పెట్టదు. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతుంది. ఫోను చేసినవాళ్ళకు ఇక్కడి మాటలన్నీ వినిపిస్తాయి గానీ వాళ్ళ గొంతు వాళ్ళకే తిరిగొచ్చి తికమక పెట్టదు. ఫేడర్ కింద ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితేనే ఆ లైను గాలిలోకి పోతుంది. ఫేడర్ పైన ఇంకో చిన్న బటన్ ఉంటుంది, దాని మీద క్యూ అని రాసి ఉంటుంది. అది నొక్కితే ఆ గొంతు నడిపేవాడి హెడ్‌ఫోన్‌లోనే వినిపిస్తుంది, బయటికి పోదు. ఫోను చేసిన మనిషి ఏం చెప్పబోతున్నాడో ముందుగా విని, గాలిలోకి వదలాలో వద్దో తేల్చుకోవడానికి ఆ ఏర్పాటు.

వీటన్నిటి కంటే సాల్మన్‌కు ప్రాణం లేచొచ్చింది దాని దీపాలను చూసి. గొంతు ఎంత వస్తుందో చూపించే దీపాల వరస అది. పచ్చగా వెలిగితే మేలు, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే ఎక్కువైంది. పచ్చదీపాలు రెండు మూడే వెలిగితే గొంతు తక్కువ, పెంచాలి. ఇంకేం కావాలి? చెవుల పని కళ్ళకు అప్పజెప్పాడు. ఫోను రాగానే క్యూ నొక్కి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, దీపాలు ఆడుతున్నాయో లేదో చూసి, ‘ఆ, సరే, లైన్ల ఉండుండ్రి’ అనేవాడు. లోపల వాళ్ళేమన్నారో ఆయనకు తెలియదు. పేరూ పాటా గాలిలోకి వచ్చాక లిడియా మళ్ళీ ఎలాగూ అడుగుతుంది కదా. మిక్సర్‌ను రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు, దాని పక్కన చాయ్ పెట్టనిచ్చేవాడు కాదు. ఇంత మంచి యంత్రం తన గుట్టు కాపాడుతుందని మురిసిపోయాడు.

ఇక లస్మవ్వ సంగతి. సాల్మన్ ఉండే గల్లీలోనే, నాలుగిళ్ళ అవతల ఉంటుంది. అరవై దాటింది, ఇప్పటికీ షెడ్డులో దారం కండెలు చుడుతుంది. మొగుడు నర్సింగం పదకొండేళ్ళ కింద ఊరికని పోయి అక్కడే జబ్బుతో పోయాడు. ఆ కబురు లస్మవ్వే చెప్పింది, బొట్టూ గాజులూ తీసేసింది, గల్లీ అంతా ఆమెతో కలిసి ఏడ్చింది. ప్రతి ఏడూ వానలు మొదలయ్యే రోజుల్లో యాది పాటకు ఫోను చేసి మొగుడి పేరు మీద ఒక పాట అడుగుతుంది.

ఈ ఏడు కూడా ఒక ఆదివారం చేసింది. నాలుగో ఫేడర్ మీద ఎవరిదో పాట నడుస్తోంది. సాల్మన్ మూడోదాని క్యూ నొక్కాడు. ఆమె ఏదో చెబుతోంది. హెడ్‌ఫోన్‌లో గొణుగుడు, పచ్చదీపాలు రెండే. ‘ఆ, సరే అవ్వా’ అన్నాడు. ఆమె ఆపలేదు. పాట అయిపోవస్తోందని కంప్యూటర్ చూపిస్తోంది. గొంతు తక్కువగా ఉందని ఇంత పెంచాడు. పాట ఆగింది. కింది బటన్ నొక్కి మూడో ఫేడర్ పైకి జరిపాడు.

తన హెడ్‌ఫోన్‌లో వింటున్న లిడియా ముఖం పాలిపోయింది. ఆ పిల్ల అరచెయ్యి పైకెత్తి గబగబా ఊపింది. ఆపమని ఆ పిల్ల సైగ. సాంచెల ముందు బతికిన మనిషికి ఆ సైగకు ఒకటే అర్థం, నడవనీ అని. సాల్మన్ ఫేడర్‌ను కొసదాకా తోశాడు. దీపాలు నిండా పచ్చబడ్డాయి, పసుపు కూడా తగిలింది. బాగా వస్తోందని తృప్తిపడ్డాడు.

గాలిలోకి పోయిన మాటలివి.

"సచ్చిపోలే బిడ్డా ఆయన. ఈడనే మాన్కోలిల గోదాం కాడ వాచ్‌మన్ ఉన్నడు, ఇంకోదానితోటి ఉంటున్నడు. ఇడిసిపెట్టి పోయిండని చెప్పుకునే మొఖం లేక సచ్చిండని నేనే చెప్పిన. నా బొట్టు నేనే తీసుకున్న. ఇది ఎవ్వరికి చెప్పకు..."

లిడియా లేచి మిక్సర్ మీదికి వంగి మూడో ఫేడర్‌ను కిందికి లాగేసింది. అదే క్షణంలో పక్క గదిలో రేడియో వింటున్న జ్ఞానయ్య తలుపు తోసుకుని వచ్చాడు. ఆయనకు కనబడింది ఫేడర్ మీద లిడియా చెయ్యి.

లిడియా ఒక పాట వేసి మైకు మూసింది. జ్ఞానయ్య ముఖం ఎర్రగా ఉంది. ఆయన పెదాలు సాల్మన్‌కు స్పష్టంగా తెలిశాయి.

"ఎవరు ఒత్తిండ్రు?"

లిడియా మామ వైపు ఒక్కసారి చూసింది.

"నేనే సర్. చెయ్యి తగిలింది."

ఆ మాటా సాల్మన్ చదివాడు. చదివి, మిక్సర్ మీద లేని దుమ్మును గుడ్డతో తుడిచాడు. ఏం జరిగిందో అప్పటికి ఆయనకు సగమే తెలుసు, కానీ బటన్ నొక్కింది తనేనని మాత్రం పూర్తిగా తెలుసు. జ్ఞానయ్య లిడియాను ఇక మైకు ముందుకు రావద్దన్నాడు. పిల్ల సంచీ భుజానికి తగిలించుకుంది.

"మామా, టెన్షన్ ఘేఊ నకో," అని, దిగులు పడొద్దని మరాఠీలో మెల్లగా, విడివిడిగా చెప్పి మెట్లు దిగిపోయింది.

మిగతా సగం సాయంత్రం శారమ్మ చెప్పింది. గల్లీలో ప్రతి ఇంట్లో ఆ మాట విన్నారట. కొందరు అయ్యో అన్నారు, ఎక్కువమంది నవ్వారు. సాల్మన్ కంచం పక్కకు జరిపాడు. ఒక ఆడమనిషి పదకొండేళ్ళు కప్పి పెట్టుకున్నదాన్ని తను ఒక్క వేలితో విప్పి నడిబజారులో నిలబెట్టాడు. చెల్లెలి బిడ్డ తన తప్పు మోస్తుంటే గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. రెండోది తలచుకుంటే ఆయనకు తన చెయ్యి తనకే అసహ్యం వేసింది. అయినా సోమవారం పనికి పోయాడు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే చెవుల సంగతి బయటపడుతుంది, మిక్సర్ ముందు కుర్చీ పోతుంది. సిగ్గు ఎంత ఉన్నా కుర్చీ మీద ఆశ చావలేదు, మనిషి అంతటివాడు.

మంగళవారం శారమ్మ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"లస్మవ్వ రెండు దినాల సంది కండెలకు పోతలేదు. తలుపు తీస్తలేదు. నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?"

ఆయనే పోయాడు. తలుపు కొట్టి, గట్టిగా తన పేరు చెప్పాడు. ఎంత గట్టిగా చెప్పాడో ఆయనకు తెలియదు, గల్లీలో నలుగురు తల తిప్పి చూశారు. లస్మవ్వ తలుపు తీసింది. ఆమె ఒంటిగది ఖోలీలో ఒక మంచం, ఒక పొయ్యి, కిటికీ దగ్గర చిన్న రేడియో. కిటికీ బయట ఇద్దరు ఆడవాళ్ళు పని లేకపోయినా నిలబడ్డారు. ఆమె వాళ్ళను చూసి, సాల్మన్‌కు ఎదురుగా మంచం మీద కూర్చుంది. గొంతు ఎత్తలేదు. సాంచెల ముందు మాట్లాడినట్టు ఊరికే పెదాలు కదిపింది. సాల్మన్‌కు ఒక్క అక్షరం కూడా జారిపోలేదు. ఎన్ని ఏళ్ళయిందో ఆయనకు ఒక మనిషి మాట ఇంత తేటగా తెలిసి.

"బొట్టు పెట్టుకుంటవా ఇగ అని అడుగుతున్నరు నన్ను. ఏం చెప్పాలె?"

"తప్పయింది అవ్వా," అన్నాడు సాల్మన్. ఆయన కూడా పెదాలతోనే అన్నాడు. "బటన్ నేనే ఒత్తిన. నువ్వు చెప్పింది నాకు... నాకు వినరాలే. నాకు చెవులు..."

"తెల్సు."

సాల్మన్ ఆమె పెదాల వైపే చూస్తూ ఉండిపోయాడు.

"గల్లీల ఎవ్వరికి తెల్వదు? నువ్వు చిన్నబోతవని ఎవ్వరు అనరు, గంతే. సాల్మన్‌తోటి ఎదురుంగ నిలబడి మాట్లాడుండ్రి అని పిల్లలకు సుత చెప్తరు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "పదకొండేండ్లు ఈ మాట కడుపుల పెట్టుకున్న. యాడనన్న ఒక్కసారి నోట్ల నుంచి ఎల్లకపోతే పానం పోయేటట్టుండె. మూడేండ్ల సంది, పాట అడిగేటప్పుడు, నీకే చెప్తున్న. నిరుడు చెప్పిన, అంతకు ముందు చెప్పిన. ఆ సరే అవ్వా అన్నవు. నీకు వినరాదని తెల్సే నీకు చెప్పిన. ఇంకెవ్వరికి చెప్తా?"

సాల్మన్ దగ్గర ఇప్పుడు ‘ఆ, సరే’ లేదు. తలవంచుకున్నాడు. తలవంచుకుంటే ఆమె పెదాలు కనబడవు, ఇంకా ఏమన్నా అంటుందేమోనని మళ్ళీ ఎత్తాడు. ఆమె ఇంకేమీ అనలేదు. క్షమించానని కూడా అనలేదు. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది, ఇక పొమ్మని.

ఆయన ఇంటికి పోలేదు. నేరుగా చెల్లెలి ఇంటికి పోయి లిడియాను వెంటబెట్టుకుని రేడియో మెట్లు ఎక్కాడు. జ్ఞానయ్య కాగితాలు చూసుకుంటున్నాడు.

"సార్, ఆనాడు ఒత్తింది నేను. పిల్లది కాదు. పిల్లది బంద్ చేసింది. నాకు చెవులు వినరావు సార్. ఈడికి వచ్చిననాడే వినరావు."

ఆయన మెల్లగా చెప్పాననుకున్నాడు. కింద గోదాంలో మూటలు మోసే హమాలీలు పని ఆపి పైకి చూశారు.

జ్ఞానయ్య కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మరి ఇన్ని దినాలు ఎట్ల నడిపినవ్?"

"లైట్లు చూసి."

జ్ఞానయ్యకు నవ్వాలో తిట్టాలో తోచలేదు. సాల్మన్ ఆయన తేల్చేదాకా ఆగలేదు. లోపలి గదిలోకి పోయి, మేకుకు వేలాడుతున్న తన హెడ్‌ఫోన్ తీసి లిడియా చేతిలో పెట్టాడు. మిక్సర్ ముందు తన కుర్చీ లాగి పిల్లను కూర్చోబెట్టాడు. మూడో ఫేడర్ పైనున్న చిన్న బటన్ మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇది ఒత్తి వినాలె బిడ్డా. మొత్తం వినాలె. వాళ్ళు చెప్పుడు అయిపోయినంక, గాలిల పోవచ్చునా అని అడగాలె. నేను ఒక్కనాడు అడగలే." అడగవలసింది ఇంకొకటి ఉంది. "నాకు వినరాదని నీకు తెల్వదు కదా? తెలిస్తే నా మీద ఒదిలిపెట్టకపోదువు."

లిడియా కుర్చీ పూర్తిగా ఆయన వైపు తిప్పింది. ముఖంలో ముఖం పెట్టి, ఎప్పటిలాగే ఒక్కొక్క మాటా విడిగా పలికింది.

"మొదటి దినం నుంచి తెల్సు, మామా."

రేడియోవాళ్ళకు అట్లా పలకడం నేర్పుతారు కాబోలని ఆయన మూడేళ్ళు అనుకున్నాడు.