హాల్లోనే ఆడాలన్న షరతు

బోధన్‌లో మా బాపుది స్టీలు గిన్నెల దుకాణం. గిన్నెను మెచ్చుకుంటూ తిప్పి చూసేవాణ్ణి ఆయన పట్టించుకునేవాడు కాదు. అంచును గోరుతో గీకి మొహం చిట్లించినవాడికి మాత్రం వెంటనే స్టూలు వేయించేవాడు. కొనేవాడు వాడే. ఆ గల్లా పక్కన పెరిగాను కాబట్టి మనిషి మాట మీద కన్నా మొహం మీదే నా కన్ను ఉంటుంది. పెళ్లయి నిజామాబాద్ వచ్చి ఇన్నేళ్లయినా ఆ జబ్బు తగ్గలేదు. నన్ను చూస్తే కూరగాయలమ్మేవాళ్లు తక్కెడ కింద పెట్టేసి చాయ్ తాగడానికి పోతారని మా ఆయన అంటాడు. అది అబద్ధం. ఒక్కామె మాత్రమే పోయింది.

అలాంటి నాకు కూతురు గది తలుపు మూసుకోవడం ఎలా నచ్చుతుంది?

చదువు కోసమని కొన్న పెద్ద కంప్యూటర్ ఆ గదిలో ఉంది. కాలేజీ నుంచి రాగానే తలుపు పడుతుంది, లోపలి నుంచి లారీ హారన్లు వినిపిస్తాయి. అడిగితే లారీ నడిపే ఆట అంటుంది. ఆటకు తలుపెందుకు? మా బజారులో పట్టపగలు ఎవరి షట్టరైనా సగం దించి ఉందంటే, లోపల ఏం జరుగుతోందో చూడ్డానికి ఏదో ఒక వంకతో నలుగురు తొంగి చూసేవాళ్లు. నేనూ వంకలు వెతికాను. చాయ్ తీసుకుని వెళ్లాను, ఉతికిన బట్టలు తీసుకుని వెళ్లాను. తొంగి చూస్తే నిజంగానే లారీ. అయినా మనసు కుదురుకోలేదు. నేను వచ్చే చప్పుడు విని లారీ పెట్టిందేమో.

అదే సమయంలో బాపు దుకాణం చూసుకుంటున్న మా తమ్ముడు బిల్లులు కొట్టడానికి కంప్యూటర్ వెతుకుతున్నాడు. "మాకియ్యి అక్కా, నీకు లొల్లి పోతది, నాకు పని అయితది" అన్నాడు. కూతురికి షరతు పెట్టాను.

"ఆడుకుంటె హాల్ల, అందరి ముంగట ఆడు. లేకుంటె గా కంప్యూటర్ మామ దుకాణంకు పోతది."

ఏడుస్తుందనుకున్నాను, అలుగుతుందనుకున్నాను. "సరే" అంది. బేరమాడకుండా ఒప్పుకున్నవాళ్లను చూస్తే నాకు భయం.

కంప్యూటర్‌ను కదపనక్కర్లేదట. ఆట గదిలోనే నడుస్తుంది, బొమ్మ మాత్రం వైఫై మీద హాల్లో ఉన్న టీవీకి వస్తుంది. ఆట రిమోటు పట్టుకుని సోఫాలో కూర్చుని ఆడుకోవచ్చు, కంప్యూటర్‌లో దాచుకున్న సినిమాలు కూడా చూడొచ్చు. మా టీవీ పాతది కాబట్టి దాని వెనక గుచ్చే చిన్న పుల్లలాంటిది ఒకటి కొనాలట. బస్టాండ్ దగ్గర టీవీల దుకాణానికి ఇద్దరం వెళ్లాం.

"వైరు ఏది?" అన్నాను.

"వైరు అవసరం లేదక్కా, గాలిలనే వస్తది."

"వైరు లేనప్పుడు వైరు పైసలు తగ్గియ్యి."

"అండ్ల వైరు పైసలే లేవక్కా."

"వైరు లేకనే గింత ధర అయితె, వైరు ఉంటే ఎంత చెప్పేటోనివి?"

అతను మా అమ్మాయి వైపు చూశాడు. అది గోడకున్న ఫ్రిజ్ బొమ్మ చూస్తూ నిలబడింది, నేనెవరో తెలియనట్టు. చివరికి అతను కాస్త తగ్గించి, డ్రాయరులోంచి ఓ వైరు తీసి సంచిలో వేశాడు. అది దేనికి పనికొస్తుందో ఇప్పటికీ తెలియదు. గెలిచి తెచ్చుకున్న వస్తువు కాబట్టి బీరువాలో భద్రంగా దాచాను.

మొదటి సాయంత్రం బాగా గడిచింది. టీవీ నిండా రోడ్డు, రోడ్డు మీద మా అమ్మాయి లారీ. మా అత్తమ్మ కోటగిరిలో చెరుకు పండించిన ఇంటి మనిషి, ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలు చూసిన మనిషి. కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు జరిగింది.

"ఏం లోడు బిడ్డా?"

"చక్కెర, అవ్వా."

"వాపస్‌ల కాలిగ వస్తదా?"

"ఆ."

"గట్లయితె డీజిల్ గిట్టది. అక్కడ ఏదన్న ఎక్కిచ్చుకోని రా."

అప్పటినుంచి ఆ పిల్ల తిరుగు లోడు దొరికేదాకా లారీని కదిలించేది కాదు. నేను కూడా కూర గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయేదాన్ని. అంతా బాగుంది. అదే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

పై పోర్షన్‌లో ఓ బడి సారు కిరాయికి ఉంటాడు. రోజూ సాయంత్రం ఫోన్ పట్టుకుని మా మెట్ల మీద కూర్చుంటాడు. ఇంతకాలం ఆయనను చూసినా చూడనట్టే ఉన్నాను. గాలిలో వస్తుందన్న మాట విన్నాక మాత్రం ఆ మెట్లు మా హాలు గోడకు ఎంత దగ్గరో గమనించాను. మాకు వచ్చే గాలి ఆయనకు మాత్రం రాదా?

"సారూ, మెట్ల మీద కూసుంటున్నరు?"

"లోపట ఉక్కగున్నదమ్మా."

"ఫ్యాను లేదా?"

"ఉన్నది. అది గుడ ఉక్కనే ఇసురుతున్నది."

జవాబు బాగుంది. ముందే తయారు చేసి పెట్టుకున్నంత బాగుంది.

పాస్‌వర్డ్ ఉంది కదమ్మా అంది మా అమ్మాయి. పాస్‌వర్డ్ నోటిమాట. ఎవరైనా చెప్తారు, ఎవరైనా వింటారు. నాకు తాళం కావాలి. మా హాలు మూలన బాపు ఇనుప తిజోరి ఉంది. దుకాణంలో కొత్త బీరువా వచ్చినప్పుడు తమ్ముడు వద్దంటే నేను తెచ్చుకున్నాను. "దీని లోపటిది బయటికి పోదు, బయటిది లోపటికి రాదు" అని బాపు దాని మీద చెయ్యేసి చెప్పేవాడు. ఓ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ చూడకుండా వైఫై డబ్బాను టీవీ పక్కనుంచి తీసి తిజోరిలో పెట్టాను. వెనకవైపు బోల్టు ఊడిపోయిన కన్నంలోంచి వైర్లు దూర్చి, తలుపేసి, తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను. డబ్బా ఉన్న చోట ప్లాస్టిక్ పూల కుండీ పెట్టాను. ఇప్పుడు పట్టుకో సారూ అనుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి లారీ పాడైంది. బొమ్మ గడులు గడులుగా విడిపోయేది. ఆగిపోయి, మళ్లీ ఎగిరి దూకేది. బ్రేకు నొక్కితే ఆ నొక్కుడు కాసేపటికి గాని లారీకి అందేది కాదు. ఈలోగా టోల్ గేటు విరిగేది.

"అయ్యో, బండి కరాబైపాయె. దండుగ ఎవలు కడ్తరు?" అనేది అత్తమ్మ.

"హాల్ల మంచిగ వస్తలేదమ్మా. రూముల ఆడుకుంట" అంది కూతురు.

దొరికింది అనుకున్నాను. ఇన్నాళ్లూ దాచిన గుట్టు ఇదే. మళ్లీ తలుపు వెనక్కి పోవడానికి కావాలనే చెడగొడుతోంది. దాని వేళ్లను గమనించాను, రిమోటు లాక్కుని నేను నొక్కి చూశాను. నా చేతిలోనూ గేటు విరిగింది. కూతుర్ని గదికి పంపి, తలుపు తెరిచి ఆడమన్నాను. అక్కడ లారీ వెన్నలా పోయింది. ఇంకా ఏం రుజువు కావాలి? తమ్ముడికి ఫోన్ చేసి ఆదివారం వచ్చి కంప్యూటర్ తీసుకుపొమ్మన్నాను.

కూతురు ఆ మాట విన్నది. పాత చున్నీ తెచ్చి కంప్యూటర్ మీద దుమ్ము తుడిచింది. వెనక వైర్లను ఒక్కొక్కటే తడిమి చూసింది. ఆ చెయ్యి చూసి నా మనసు కాస్త మెత్తబడింది. కానీ బేరంలో ఎదుటివాడి కళ్లు తడిగా ఉన్నప్పుడే ధర మీద గట్టిగా ఉండాలని నేర్చుకున్నదాన్ని. ఉన్నాను.

ఆదివారం తమ్ముడు తాడు, పాత దుప్పటి, ఓ బెల్లం ముద్ద పట్టుకుని ట్రాలీ ఆటోలో వచ్చాడు. ఆఖరిసారి అని కూతురు హాల్లో లారీ పెట్టుకుంది. బొమ్మ ఎప్పటిలాగే తునకలు తునకలుగా ఉంది.

మా ఇంటికి వచ్చినప్పుడల్లా తమ్ముడు చేసే పని ఒకటుంది. బాపు వాడిన ఇత్తడి తూకం రాయి ఆ తిజోరిలో ఉంటుంది. దాన్ని కళ్లకద్దుకున్నాకే నీళ్లు తాగుతాడు. నేను కొంగు ముడి విప్పి తాళం తీశాను. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

"ఓ, బండి సక్కగ నడుస్తుంది" అంది అత్తమ్మ.

వెనక్కి తిరిగాను. రోడ్డు, చెట్లు, లారీ అద్దంలో మబ్బు, అన్నీ కడిగినట్టు ఉన్నాయి. తలుపు వేశాను. గడులు. తెరిచాను. రోడ్డు. మళ్లీ వేశాను.

"ఒక్కటన్న చెయ్యి అక్కా, నాకు కండ్లు తిరుగుతున్నయ్" అన్నాడు తమ్ముడు. తూకం రాయి పక్కన మినుకు మినుకుమంటున్న డబ్బాను చూసి, "గిది గిండ్ల ఎందుకున్నది?" అని అడిగాడు.

నేను కూతురి మొహం చూశాను. అందులో ఆశ్చర్యం లేదు.

"నీకు ఎర్కనా?"

"పూలకుండీ పెట్టిన దినమే ఎర్క. వైర్లు తిజోరి ఎన్కకు పోయినయ్ గదా."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే నమ్ముతుంటివా? నేనే ఏదో చేసిన అంటుంటివి. మామ వస్తే తిజోరి తెరుస్తవ్, నీ కండ్లతోనే చూస్తవ్ అని ఊకున్న."

కంప్యూటర్ చేజారిపోయేదాకా వచ్చినా మొహం బయటపెట్టలేదు. గల్లా దగ్గర ఒక్కనాడూ కూర్చోని పిల్ల ఇది ఎక్కడ నేర్చుకుందో. వెంటనే తన మాట చెప్పింది. కంప్యూటర్ ఇంట్లోనే ఉంటుంది. ఆట హాల్లోనే. చదువుకునేటప్పుడు మాత్రం తన తలుపు మూసుకుంటుంది, చాయ్ తెచ్చినా తట్టాలి.

"మరి సారు?" అన్నాను.

"పైన సిగ్నల్ రాదమ్మా. మెట్ల మీదికొచ్చి ఊర్లె ఉన్న వాళ్లమ్మతోని మాట్లాడుతడు."

"మరి ఉక్క అని ఎందుకన్నడు?"

అది సారునే అడగమంది. కూతురి మాటకు ఒప్పుకున్నాను. డబ్బా మళ్లీ టీవీ పక్కకు వచ్చింది.

తమ్ముడు మాత్రం ఒప్పుకోలేదు. దుప్పటి మడత పెడుతూ మమ్మల్ని మార్చి మార్చి చూశాడు.

"తల్లీబిడ్డలు ముందే అనుకున్నరు. కిరాయి పెట్టుకోని వచ్చినంక నాకు ఆట సూపిస్తున్నరు."

"ఒట్టు రా, నాకు తెల్వదు."

"బాపు గల్లా కాడ పెరిగిన మనిషివి, తెల్వదంటే నేను నమ్మాల్నా?"

ఎన్ని విధాల చెప్పినా వినలేదు. అత్తమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఆయినెను కాలిగ పంపకు బిడ్డా, డీజిల్ గిట్టది" అంది.

లోపలికి వెళ్లి బీరువాలోంచి ఆ వైరు తెచ్చి చేతిలో పెట్టాను. మంచి వైరు, దుకాణంలో పనికొస్తుంది అన్నాను. తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి, కొసను గోరుతో గీకి మొహం చిట్లించాడు.

నేను స్టూలు లాగి వేశాను.