ఆయన బిడ్డకు నేను చెప్పిన అబద్ధం

బడిలో పాఠాలు చెప్పడం మానేసిన రెండో ఏడు, నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఒక చిన్న దవాఖానకు సాయంగా వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ రోగం నయం చేయరు. ఇక మందులు పనిచేయవని పెద్దాసుపత్రుల వాళ్లు పంపేసిన మనుషులు చివరి రోజులు నొప్పి తెలియకుండా గడిపే చోటు అది. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు నావి. తల దువ్వేదాన్ని, ఎండిన పెదవులకు తడిగుడ్డ అద్దేదాన్ని, ఎవరూ రానివాళ్ల పక్కన కూర్చునేదాన్ని. నర్సులు అన్నానికి వెళితే వార్డు చూసేదాన్ని.

మొదటి రోజే పెద్ద నర్సు నాకు ఒక మాట చెప్పింది. ఆమెది మెదక్ దిక్కు.

"ఆంటీ, ఈడ ఎవ్వలకూ మాట ఇయ్యొద్దు. ఇంటోళ్ల పంచాయితీలల్ల తల దూర్చొద్దు."

సరేనన్నాను. ఐదారు నెలలు ఆ మాట మీదే ఉన్నాను కూడా.

ఆ ఎండాకాలం కిటికీ పక్క మంచంలోకి ఒకాయన వచ్చాడు. ముప్పయ్యేళ్లు స్టేషన్ ముందర ఆటో నడిపిన మనిషి. కాలేయానికి క్యాన్సర్. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, చేతులు మాత్రం చిక్కిపోయి ఉన్నాయి. నన్ను అక్కా అని పిలిచేవాడు. ఏమన్నా తినాలనుందా అని ఒకరోజు అడిగితే మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీం అన్నాడు. తెచ్చి రెండు చెంచాలు పెట్టాను. మూడో చెంచాకు తల తిప్పేసుకున్నాడు.

"అక్కా, నా బిడ్డ సుల్తాన్ బజార్ల చీరల దుకాణంల పనిచేస్తది. జర ఒక్కసారి రమ్మని చెప్పవా?"

"ఫోన్ చేయలేదా అన్నా?"

"ఎత్తదు. వాళ్లమ్మను మస్తు కొట్టేటోన్ని."

అడగకుండానే చెప్పాడు. గొంతులో ఏ మార్పూ లేదు. ఆ భార్య చనిపోయి అప్పటికి రెండేళ్లయిందట.

పెద్ద నర్సుకు చెబితే "వద్దాంటీ" అంది. అయినా మర్నాడు ఆబిడ్స్‌లో బస్సు దిగి సుల్తాన్ బజార్‌లో ఆయన చెప్పిన దుకాణానికి నడిచాను. ఆ అమ్మాయికి ముప్పయ్యేళ్లుంటాయి. ఎవరో చూసి వదిలేసిన చీరలను పరుపు మీద కూర్చుని మడతపెడుతోంది. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను.

"తెలుసు మేడం, మా చిన్నమ్మ చెప్పింది," అంది చేతులు ఆపకుండా.

"నిన్ను చూడాలంటున్నడమ్మా. ఎక్కువ దినాలు లేవు."

"మా అమ్మకు కుడిచెవు ఇనబడకపోయేది. ఎందుకో చెప్పిండా మీకు?"

ఇంకో రెండు చీరలు మడతపెట్టాక తలెత్తింది.

"మా అమ్మ గురించి ఏమన్న అన్నడా?"

బడిలో కొట్టుకున్న పిల్లల చేతులు కలిపించి ఇంటికి పంపడం నాకు అలవాటు. ఇదీ అలాగే కుదురుతుందనుకున్నానేమో. "అన్నడు," అన్నాను. "తప్పు చేసిన అని ఏడ్చిండు."

ఆయన ఏడవలేదు. తప్పు అనే మాటే ఆయన నోట రాలేదు.

శుక్రవారం అన్నం వేళ ఆమె వచ్చింది. మంచం కాళ్ల దిక్కున నిలబడింది. "వచ్చినవా బిడ్డా," అని ఆయన అప్పుడు ఏడ్చాడు. కాసేపటికి, "కాళ్లు గుంజుతున్నయ్, జర ఒత్తు," అన్నాడు. ఆమె కదల్లేదు.

"నాయినా, అమ్మ గురించి ఏందో అన్నవంట గదా. అదేందో నాకు చెప్పు."

ఆయనకు అర్థం కాలేదు. నా వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు.

"నేనేమన్న? ఏమనలే. మీ అమ్మ నోరు మంచిది గాకుండె బిడ్డా. ఊకె లొల్లి చేసేది. గందుకే చెయ్యి లేసేది."

ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. వంగి, జారిపోయిన దుప్పటి ఆయన పాదాల మీదికి లాగి, బయటికి నడిచింది. నేను వెనకే వరండాలోకి వెళ్లాను.

"మేడం, నేను రాకుంటే మంచిగుండె," అంది. "ఎప్పుడన్న ఒక్కదినం తప్పయిందని మనసుల అనుకున్నడేమో అని ఉండేది నాకు. గా ఆశ గూడ గుంజుకున్నరు మీరు."

మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

వచ్చే మంగళవారం దాకా ఆయన ఉండడనుకున్నాను, ఉన్నాడు. "బిడ్డ మళ్లెప్పుడొస్తది అక్కా?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను ఆయన పెదవులు తడుపుతూ కూర్చున్నాను. గురువారం పొద్దున పోయాడు. నర్సు ఫోన్ చేస్తే బిడ్డ ఎత్తలేదు. ఆయన తమ్ముడొచ్చి శవాన్ని తీసుకెళ్లాడు.

శుక్రవారం నేను వెళ్లేసరికి పెద్ద నర్సు చెప్పులు విడిచి, స్టోర్ గది ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. ఆయనది ఆ వారంలో మూడో చావు. టీ తెచ్చి చేతికిచ్చి, పక్కన కూర్చుని, నేను చెప్పిన అబద్ధం ఆమెకు చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"కొత్తల నేను గూడ గిట్లనే చేసిన ఆంటీ," అంది. "ఒక ముసలామెకు నీ కొడుకు బైలెల్లిండు, వస్తుండు అని చెప్పిన. రెండు దినాలు తలుపు దిక్కే సూస్కుంట పండుకుంది."

"వచ్చాడా?"

"యాడికెల్లి వస్తడు? నేను ఫోనే చెయ్యలే."

టీ సగం తాగి గ్లాసు కింద పెట్టింది. లోపలినుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్లింది.

నెల తర్వాత ఆ చీరల దుకాణానికి వెళ్లాను. ఆమె నన్ను గుర్తుపట్టింది. "తప్పు నాదమ్మా, మాఫ్ చెయ్యి," అన్నాను. "సరే మేడం," అంది, ఎవరైనా చీర వద్దంటే అనేటంత మామూలుగా. అంతలో ఎవరో పెళ్లివాళ్లు వస్తే వాళ్ల వైపు తిరిగి పట్టుచీరలు దింపసాగింది. కాసేపు అక్కడే నిలబడ్డాను. అఫ్జల్‌గంజ్ దాకా నడిచి, అక్కడ దొరికిన బస్సెక్కి ఇంటికి వచ్చాను.